చంటిపిల్లతో ఇంగ్లండ్: రైలా కారా, స్ట్రోలరా క్యారియరా, ఏ ఊళ్లో బస?

ఏడాది నుంచి మూడేళ్ల లోపు పిల్లలతో ఇంగ్లండ్ తిరగాలనుకునేవాళ్లు ముందుగా చూడాల్సిన చోట్ల జాబితా రాసుకుంటారు. లండన్, బాత్, కాట్స్‌వోల్డ్స్, లేక్ డిస్ట్రిక్ట్, యార్క్ అంటూ వారంలో ఐదు చోట్లు. పెద్దవాళ్లకు అది సాగుతుంది. పిల్లకు రోజులో ఉండేవి రెండే పూటలు: పొద్దున లేచింది మొదలు పన్నెండు, పన్నెండున్నర దాకా ఒకటి, మధ్యాహ్నం నిద్ర లేచాక రాత్రి అన్నం దాకా ఇంకొకటి. మధ్యలో ఆ నిద్ర రైల్లో పడుతుందా, కారు సీట్లోనా, స్ట్రోలర్లోనా, మంచం మీదా? ముందు ఇది తేల్చుకోండి. బండి, బస, ఊరు అన్నీ దీన్ని బట్టే తేలతాయి.

దీని నుంచి రెండు లెక్కలు వస్తాయి. పూటకు ఒక్క చోటే చూడాలి, అక్కడికి వెళ్లడానికి ముప్పావు గంటకు పెద్దగా మించకూడదు. ఏడు రాత్రులకు రెండు బసలు మించకూడదు. బస మారిన ప్రతిసారీ ఒక రోజు పోతుంది: అద్దె ఇల్లు పొద్దున పదింటికి ఖాళీ చేయమంటారు, కొత్తది సాయంత్రం నాలుగింటికి గానీ ఇవ్వరు. ఆ ఆరు గంటలూ సామానుతో, నిద్ర చెడిన పిల్లతో బయట గడపాలి.

రైలా, కారా

పెద్ద ఊళ్ల మధ్య రైలు, పల్లెల్లో కారు. రెంటినీ కలుపుకుంటేనే సుఖం. లండన్ కింగ్స్ క్రాస్ నుంచి యార్క్‌కు రైల్లో దాదాపు రెండు గంటలు. కారులో అదే ప్రయాణం 200 మైళ్ల పైనే. రోడ్డు ఖాళీగా ఉన్నా నాలుగు గంటలు, రెండు గంటలకోసారి పిల్లను సీట్లోంచి దించి తిప్పాలి కాబట్టి ఐదు దాటుతుంది. రైల్లో అయితే పిల్ల నడవాలో నాలుగడుగులు వేస్తుంది, టాయిలెట్లో డైపర్ మార్చే బల్ల ఉంటుంది, కడుపులో చల్ల కదలకుండా దిగుతారు.

టికెట్ల దగ్గర చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. టికెట్ కొన్న ఒక్కో పెద్దతో ఐదేళ్ల లోపు పిల్లలు ఇద్దరి దాకా ఉచితం, కానీ వాళ్లకంటూ సీటు ఉండదు. రైలు నిండితే ఒళ్లో కూర్చోబెట్టుకోవాలి. భార్యాభర్తలు ఇద్దరే అయితే 'టూ టుగెదర్' రైల్‌కార్డ్ తీసుకోండి. 35 పౌండ్లు, ఏడాది చెల్లుతుంది, ఇద్దరూ కలిసి వెళ్తే ఛార్జీలో మూడో వంతు తగ్గుతుంది. పనిరోజుల్లో పొద్దున తొమ్మిదిన్నరకు ముందు మాత్రం పనిచేయదు.

అమ్మమ్మా తాతయ్యా కూడా వస్తే లెక్క మారుతుంది. అప్పుడు 'ఫ్యామిలీ అండ్ ఫ్రెండ్స్' కార్డ్ మేలు. ధర అదే. నలుగురు పెద్దల దాకా మూడో వంతు తగ్గింపు, పిల్లల టికెట్ మీద 60 శాతం. షరతు ఏమిటంటే కనీసం ఒక పిల్లల టికెట్ ఉండాలి. మీ పిల్లకు ఐదేళ్ల లోపే అయినా కావాలని ఒక పిల్లల టికెట్ కొంటే కార్డు చెల్లుతుంది. ఉదాహరణకు మనిషికి 60 పౌండ్ల టికెట్ అనుకోండి. కార్డు లేకపోతే నలుగురికి 240. కార్డుతో పెద్దలకు 160, పిల్ల టికెట్ 12, కలిపి 172. ఒక్క ప్రయాణంలోనే కార్డు ఖర్చు తిరిగొచ్చి పైన 33 పౌండ్లు మిగులుతుంది. పిల్లకు సొంత సీటూ దొరుకుతుంది.

అడ్వాన్స్ టికెట్ చవక, కానీ ఆ ఒక్క రైలుకే చెల్లుతుంది. బయలుదేరే ముందు పిల్ల వాంతి చేసుకుని రైలు తప్పితే టికెట్ పోయినట్టే. వెళ్లేటప్పుడు అడ్వాన్స్, వచ్చేటప్పుడు రద్దీ లేని వేళల్లో ఏ రైలైనా ఎక్కనిచ్చే ఆఫ్-పీక్ తీసుకుంటే ధైర్యంగా ఉంటుంది. దూర ప్రయాణాలు ఆదివారం పెట్టుకోకండి. పట్టాల మరమ్మతులు ఎక్కువగా అప్పుడే చేస్తారు. దారి మధ్యలో దింపి బస్సు ఎక్కిస్తారు. ఒక చేత్తో పిల్లను, ఇంకో చేత్తో సూట్‌కేసును పట్టుకుని స్ట్రోలర్ ఎలా మడవాలో తెలియక తల ప్రాణం తోకకు వస్తుంది.

రైలు పల్లెల దగ్గర చేతులెత్తేస్తుంది. కాట్స్‌వోల్డ్స్‌లో మోర్టన్-ఇన్-మార్ష్ దాకా లండన్ ప్యాడింగ్టన్ నుంచి గంటన్నర పైచిలుకులో వచ్చేస్తారు. అక్కడి నుంచి ఊరూరికీ బస్సే గతి. గంటకో, రెండు గంటలకో ఒకటి, సాయంత్రం త్వరగా ఆగిపోతుంది, ఆదివారం ఇంకా తక్కువ. బస్సు ఛార్జీ మాత్రం భారం కాదు: 2025 నుంచి ఇంగ్లండ్‌లో చాలా బస్సుల్లో ఒకవైపు ప్రయాణానికి గరిష్ఠంగా 3 పౌండ్లే. ఇబ్బందంతా వేళలతోనే. నిద్ర వేళకు బస తలుపు దగ్గర ఉండాలంటే అక్కడ కారు కావాలి.

ఆ కారును లండన్‌లో తీసుకోకండి. రైల్లో యార్క్‌కో బాత్‌కో చేరి, ఒకటి రెండు రోజులు ఊరు చూసి, ఆ తర్వాత అక్కడే అద్దెకు తీసుకోండి. చిన్న ఊళ్లలోని అద్దె ఆఫీసులు చాలావరకు శనివారం మధ్యాహ్నం మూస్తాయి, ఆదివారం తెరవవు. సోమవారం తీసుకుని శుక్రవారం ఇచ్చేలా చూసుకోండి. మన దేశపు లైసెన్సుతో 12 నెలల దాకా నడపొచ్చు. నడిపేది ఎడమవైపే కాబట్టి ఆ కంగారు లేదు. ఆటోమేటిక్ కావాలంటే ముందే చెప్పాలి, అద్దె ఎక్కువ.

పిల్ల సీటు విషయంలో రాజీ పడొద్దు. 12 ఏళ్లు నిండే దాకా లేదా 135 సెంటీమీటర్ల ఎత్తు వచ్చే దాకా కారులో పిల్లల సీటు చట్టరీత్యా తప్పనిసరి. సీటు మీద నారింజ రంగు లేబుల్ అంటించి ఉంటుంది. అందులో గుండ్రని గీత మధ్య పెద్ద ఇంగ్లిష్ 'ఇ' అక్షరం, ఆర్44 లేదా ఆర్129 అన్న సంఖ్య కనబడాలి. ఆ లేబుల్ లేని సీటు అక్కడ చెల్లదు. ఇండియా నుంచి తెచ్చుకునేవాళ్లు బయలుదేరే ముందే సీటు అడుగుభాగమూ వీపుభాగమూ తిప్పి చూసుకోండి. ఆర్129 సీట్లలో 15 నెలలు దాటేదాకా పిల్ల వెనక్కి తిరిగే కూర్చోవాలి. అద్దె ఆఫీసులో సీటు అడగొచ్చు, కానీ మీ పిల్ల వయసుకు సరిపడేది చేతికి వస్తుందన్న హామీ ఉండదు. సొంత సీటు ఉంటే మోసుకెళ్లడమే మేలు.

టాక్సీ డ్రైవర్ దగ్గర సరైన సీటు లేకపోతే లేకుండానే ఎక్కించుకోవడానికి చట్టం ఒప్పుకుంటుంది. మూడేళ్ల లోపు పిల్ల వెనక సీట్లో, బెల్టు లేకుండా కూర్చోవాలి. చట్టం ఒప్పుకున్నంత మాత్రాన అది క్షేమం కాదు. స్టేషన్ నుంచి రెండు వీధుల దూరానికైతే సరే, పల్లె రోడ్ల మీద అరగంట ప్రయాణానికి వద్దు.

ఆ పల్లె రోడ్ల గురించీ తెలుసుకోవాలి. తెల్లటి గుండ్రని బోర్డు మీద నల్ల గీత ఉంటే గంటకు 60 మైళ్ల దాకా వెళ్లొచ్చని అర్థం. అది హద్దు మాత్రమే. రెండువైపులా మనిషెత్తు పొదలు, ఒక్క బండి పట్టే వెడల్పు ఉన్న దారిలో 25 మైళ్ల వేగమే ఎక్కువ. ఎదురుగా ట్రాక్టర్ వస్తే వెనక్కి నడుపుకుంటూ దాటే చోటుదాకా వెళ్లాలి. అలాంటి మలుపుల్లో వెనక్కి తిరిగి కూర్చున్న పిల్లకు కడుపులో తిప్పుతుంది. పాలు తాగించిన వెంటనే బయలుదేరకండి, ఒక జత బట్టలు డిక్కీలో కాకుండా చేతికందేలా పెట్టుకోండి. పార్కింగ్‌కు చాలాచోట్ల ఫోన్ యాప్ అడుగుతారు, కొండల మధ్య సిగ్నల్ ఉండదు. పది పౌండ్ల చిల్లర నాణేలు కారులో ఎప్పుడూ ఉండాలి.

స్ట్రోలరా, వీపున మోసే క్యారియరా

ఊళ్లలో తేలిగ్గా మడిచే చిన్న స్ట్రోలర్ చాలు. అక్కడివాళ్లు దాన్ని బగ్గీ అంటారు. బస్సులో చక్రాల కుర్చీకి కేటాయించిన చోటు కుర్చీలో వచ్చినవారికే ముందు. వాళ్లు ఎక్కితే మీరు మడవాలి. ఒంటిచేత్తో మడిచేదైతేనే తీసుకోండి. వాన కవరు తప్పనిసరి, జూలైలోనూ.

చిన్న చక్రాలు రెండుచోట్ల ఓడిపోతాయి: రాళ్లు పరిచిన పాత వీధుల్లో, పొలాల దారుల్లో. యార్క్‌లో షాంబుల్స్ లాంటి సందుల్లో ముందు చక్రం రాళ్ల మధ్య ఇరుక్కుని స్ట్రోలర్ ముందుకు తూలుతుంది. ముందు చక్రాలను కాస్త పైకెత్తి వెనక చక్రాల మీదే తోసుకెళ్లండి, బెల్టు మాత్రం బిగించి ఉంచండి. నగరం చుట్టూ ఉన్న కోట గోడ మీదికి స్ట్రోలర్ పనికిరాదు. మెట్లు ఇరుకు, కొన్నిచోట్ల లోపలివైపు కటకటాలు లేవు. అక్కడ పిల్లను నడిపించనూ వద్దు, క్యారియర్లో ఎక్కించుకోండి.

పొలాల దారుల్లో అసలు అడ్డంకి బురద కాదు, గేట్లు. కంచె మీదుగా ఎక్కి దిగే చెక్క మెట్లను స్టైల్ అంటారు. ఇంకోటి కిస్సింగ్ గేట్: అర్ధచంద్రాకారపు కంచెలో ఊగే చిన్న గేటు. మనిషి లోపలికి అడుగుపెట్టి, ఓ పక్కకు ఒదిగి, గేటును తనను దాటించి ఊపి అవతలికి వెళ్లాలి. ఆవులు దాటకుండా చేసిన ఏర్పాటది, స్ట్రోలర్ అందులో తిరగదు. పిల్లను దించి ఇంకొకరికివ్వాలి, స్ట్రోలర్ మడవాలి, గేటు మీదుగా ఎత్తి అవతల దింపాలి. రెండు మైళ్ల దారిలో అలాంటివి ఆరు ఎదురైతే నడక అక్కడికి సరి.

ముందే తెలుసుకునే మార్గం ఉంది. బ్రిటన్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే వారి 1:25,000 మ్యాపులో పొట్టి ఆకుపచ్చ గీతలు కాలిబాట, పొడవాటి ఆకుపచ్చ గీతలు గుర్రాలు కూడా వెళ్లే దారి. గుర్రం స్టైల్ ఎక్కలేదు కాబట్టి పొడవాటి గీతల దారిలో స్టైల్ ఉండదు, గేట్లు వెడల్పుగా ఉంటాయి. డెక్కల వల్ల బురద మాత్రం ఎక్కువ. పాత రైలు పట్టాలు తీసేసి వేసిన బాటలు ఇంకా మేలు, అవి చదునుగా, గట్టిగా ఉంటాయి.

క్యారియర్ ఎప్పుడు? పిల్ల ఆసరా లేకుండా కూర్చోగలగాలి. ఫ్రేము ఉన్నదైతే ఒట్టిదే సుమారు మూడు కిలోలు, పన్నెండు కిలోల పిల్ల, నీళ్లు, డైపర్లు కలిపితే పదిహేడు. అలవాటు లేని భుజాలకు గంటన్నర చాలు. ఇంకో సంగతి: మీరు నడుస్తుంటే ఒళ్లు వేడెక్కుతుంది, వీపున కదలకుండా కూర్చున్న పిల్లకు చల్లగాలి తగులుతుంది. అరగంటకోసారి చేతులూ పాదాలూ తాకి చూడండి. మూడేళ్లు దగ్గరపడిన పిల్లలు నడుస్తామంటారు, పది నిమిషాలకే ఎత్తుకోమంటారు. వాళ్లకు మెత్తగా మడిచి సంచీలో పెట్టుకునే గుడ్డ క్యారియరే సరి.

ఊళ్లు ఎక్కువైతే స్ట్రోలర్, మూడు రోజులకు మించి పల్లెలైతే రెండూ. క్యారియర్ ఒక్కటే పట్టుకెళ్లమని ఎవరికీ చెప్పలేం. నిద్రలో మెడ వాలిపోతుంది, కెఫేలో కూర్చున్నప్పుడు దింపితే లేచిపోతుంది.

పచ్చిక బయళ్లలో దూడలున్న ఆవుల మంద కనిపిస్తే పక్కదారి పట్టండి. ఎత్తైన గడ్డి, ఫెర్న్ పొదల్లో తిరిగి వస్తే స్నానం చేయించేటప్పుడు మోకాళ్ల వెనక, చంకల్లో, చెవుల వెనక పిడుదుల కోసం వెతకండి. వాటి వల్ల లైమ్ వ్యాధి రావచ్చు.

బస

ఒకటి రెండు రాత్రులకు ప్రీమియర్ ఇన్, ట్రావెలాడ్జ్ లాంటి గొలుసు హోటళ్లు చాలు. ఫ్యామిలీ గది, ముందే అడిగితే పిల్ల మంచం ఇస్తారు. ప్రీమియర్ ఇన్‌లో ఒక పెద్ద పూర్తి అల్పాహారం తీసుకుంటే ఇద్దరు పిల్లలకు ఉచితం. లోటల్లా గది ఒక్కటే కావడం. ఏడున్నరకు పిల్ల పడుకుంటే మీరూ చీకట్లో కూర్చోవాలి. గదిలో వంట కుదరదు, మైక్రోవేవ్ సాధారణంగా ఉండదు.

ఇళ్లలో నడిపే, పడకా పొద్దున టిఫినూ ఇచ్చే బి అండ్ బి లు అందంగా ఉంటాయి, కానీ కొన్నింటిలో ఫలానా వయసు లోపు పిల్లలను తీసుకోరు. పాత ఇళ్ల చెక్క నేల మీద రాత్రి పిల్ల ఏడిస్తే పక్క గదివాళ్లకు నిద్ర ఉండదు. ఈ వయసు పిల్లలతో వీటిని వదిలేయడమే మంచిది.

మూడు రాత్రులు దాటితే వంటిల్లున్న కాటేజీ. అన్నం, పప్పు, పెరుగు ఇంట్లోనే అయిపోతాయి, మధ్యాహ్నం నిద్ర మంచం మీదే. బుక్ చేసేముందు యజమానిని ఇవి అడగండి: మెట్లకు పైనా కిందా గేటు ఉందా? కట్టెల పొయ్యి చుట్టూ జాలీ ఉందా? తోటకు నాలుగువైపులా కంచె ఉందా, లోపల చిన్న కుంటగానీ పక్కన వాగుగానీ ఉందా? స్నానానికి టబ్ ఉందా, ఒట్టి షవరేనా? పాత కాటేజీల్లో మెట్లు నిచ్చెనలా నిటారుగా ఉంటాయి. 'పిల్లలకు అనుకూలం' అని రాసి ఉన్నంత మాత్రాన వీటిలో ఏదీ ఉందని కాదు.

జూన్‌లో ఉత్తరాన సూర్యుడు తెల్లవారుజామున నాలుగున్నరకే ఉదయిస్తాడు, రాత్రి తొమ్మిదిన్నర దాటాక గానీ అస్తమించడు. కిటికీ అద్దానికి అంటుకునే నల్లటి బ్లైండ్ ఒకటి తీసుకెళ్లండి. ఆ ఒక్క వస్తువుతో రోజూ రెండు గంటల నిద్ర దక్కుతుంది.

కాలం విషయంలో ఈ వయసు పిల్లలున్నవాళ్లకు ఒక మేలుంది: బడి లేదు. మే చివరి వారం, జూలై చివరి నుంచి సెప్టెంబరు మొదటి దాకా బడి సెలవులు, అప్పుడు కాటేజీల అద్దె మండిపోతుంది. జూన్ రెండో వారం నుంచి జూలై మధ్య దాకా, లేదంటే సెప్టెంబరు మధ్యలో వెళ్లండి.

తిండి, మందు

పబ్బుల్లో పిల్లలకు చోటుంటుంది, హై చైర్ ఇస్తారు. వంటిల్లు మాత్రం మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు, రెండున్నర దాకా, మళ్లీ ఆరు తర్వాతే. నిద్ర లేచిన పిల్లతో మూడున్నరకు వెళ్తే చిప్స్ ప్యాకెట్ తప్ప దొరకదు. ఆదివారం పెద్ద సూపర్‌మార్కెట్లు ఆరు గంటలే తెరుస్తారు, చాలావరకు నాలుగింటికి మూత. శనివారమే కొనుక్కోండి. పాల సీసాకు నీలం మూత ఉంటే వెన్న తీయనివి, ఆకుపచ్చ సగం తీసినవి, ఎరుపు పూర్తిగా తీసినవి. రెండేళ్ల లోపు పిల్లకు నీలం మూతే. పెరుగన్నానికి ఫుల్-ఫ్యాట్ 'నేచురల్ యోగర్ట్' సరిగ్గా సరిపోతుంది. ఇండియా నుంచి నెయ్యి, పాలకోవా తేవడం కుదరదు, పాల పదార్థాలు విమానాశ్రయంలో తీసేసుకుంటారు. తెరవని శిశు పాలపొడికి మాత్రం రెండు కిలోల దాకా మినహాయింపు ఉంది.

జ్వరం మందు అక్కడే కొనండి. ఆరేళ్ల లోపు పిల్లల పారాసెటమాల్ సిరప్‌లో 5 మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాములు ఉంటుంది. మన దగ్గర 250 మిల్లీగ్రాములవీ అమ్ముతారు. అలవాటు కొద్దీ అదే కొలత పోస్తే మోతాదు సగానికి తగ్గడమో రెట్టింపు కావడమో జరుగుతుంది. సీసా మీది వయసు పట్టికే చూడండి. ప్రాణాపాయం కాని అనుమానాలకు 111కు, ప్రాణం మీదికొస్తే 999కు ఫోన్ చేయండి.

ఏ ఊరు

మొదటిసారి, కారు వద్దనుకుంటే యార్క్. స్టేషన్ దగ్గరే నేషనల్ రైల్వే మ్యూజియం, ప్రవేశం ఉచితం, 1938లో గంటకు 126 మైళ్ల వేగంతో ఆవిరి ఇంజన్ల రికార్డు సృష్టించిన మ్యాలార్డ్ అక్కడే ఉంది. వాన పడ్డ పూట మొత్తం అక్కడ గడిచిపోతుంది. ఎండ ఉంటే ఊజ్ నది ఒడ్డున మ్యూజియం గార్డెన్స్ పచ్చిక. నేరు రైల్లో 50 నిమిషాల్లో స్కార్‌బరో ఇసుక తీరం. ఊరు, సముద్రం, వానకు గొడుగు, మూడూ ఒకే బసలో దొరికే చోటు ఇది.

బాత్ అందమైన ఊరే, రైల్లో గంటన్నర లోపు. రాయల్ విక్టోరియా పార్కులో పిల్లల ఆటస్థలం పెద్దది. అయితే ఊరంతా ఎత్తుపల్లాలు, స్ట్రోలర్ తోసేవాళ్ల పిక్కలు పట్టేస్తాయి. చదునైన దారి కావాలంటే కెనాల్ గట్టు ఉంది, అక్కడ నీటికి కంచె లేదు కాబట్టి పిల్లకు నడుము బెల్టు ఉండాలి. రెండు రాత్రులకు మించి అవసరం లేదు.

కాట్స్‌వోల్డ్స్‌కు కారు తీసుకోండి. బోర్టన్-ఆన్-ది-వాటర్‌లో విండ్‌రష్ ఏరు ఊరి మధ్యగా లోతు లేకుండా పారుతుంది, ఒడ్డున పచ్చిక ఉంది, కంచె లేదు. పొద్దున తొమ్మిదిన్నరకల్లా చేరి, బస్సుల జనం దిగే పదకొండున్నరకు బయటపడండి. గైటింగ్ పవర్ దగ్గర కాట్స్‌వోల్డ్ ఫార్మ్ పార్కులో గొర్రెలూ పందులూ మేకలూ, రెండేళ్ల పిల్లకు ఏ కోటకన్నా అదే పెద్ద వింత.

లేక్ డిస్ట్రిక్ట్ నాలుగు రాత్రులకు తక్కువైతే వద్దు. అక్కడి బారోడేల్ లోయలోని సీత్‌వెయిట్‌లో ఏటా మూడు మీటర్ల పైన వాన పడుతుంది. నాలుగు రోజులుంటే ఒకటి రెండైనా తెరిపి దొరుకుతుంది. నేషనల్ పార్క్ వారు 'మైల్స్ వితౌట్ స్టైల్స్' పేరుతో స్టైల్స్ లేని దారులను గుర్తించి పెట్టారు. అందులో టార్న్ హౌస్ అనే చిన్న సరస్సు చుట్టూ 1.8 మైళ్ల బాట స్ట్రోలర్‌కు అనువు. బ్రాక్‌హోల్‌లో సరస్సు ఒడ్డున ఆటస్థలం ఉంది, విండర్‌మియర్ నుంచి 599 బస్సు అక్కడ ఆగుతుంది.

పీక్ డిస్ట్రిక్ట్‌ను చాలామంది పట్టించుకోరు గానీ స్ట్రోలర్‌కు అంతకన్నా మంచి పల్లె లేదు. బేక్‌వెల్ దగ్గర మొదలయ్యే మాన్సల్ ట్రెయిల్ పాత రైలు దారి, 8.5 మైళ్లు చదునుగా సాగుతుంది. నాలుగు పెద్ద సొరంగాల్లో పగటిపూట దీపాలు వెలుగుతాయి. ఒక్కోటి సుమారు 400 మీటర్లు, వేసవిలోనూ లోపల చలి, పైనుంచి నీటి చుక్కలు. పిల్లకు స్వెటర్ వేసి, టోపీ పెట్టి తీసుకెళ్లండి.

కార్న్‌వాల్‌కు లండన్ నుంచి పెన్జాన్స్ దాకా రైల్లో ఐదు గంటల పైనే. పది రోజులుంటేనే ఆలోచించండి. అలాగైతే సెయింట్ ఐవ్స్‌లో దిగండి, స్టేషన్ కిందే పోర్త్‌మిన్‌స్టర్ తీరం. లైఫ్‌గార్డులు కాపలా ఉండే ఎరుపు పసుపు జెండాల మధ్యే నీళ్లలోకి దింపండి.

ఏడు రోజులే ఉంటే ఇలా పంచుకోండి: శుక్రవారం లండన్ నుంచి రైల్లో యార్క్, మూడు రాత్రులు. సోమవారం అక్కడే కారు తీసుకుని పీక్ డిస్ట్రిక్ట్‌లో కాటేజీ, నాలుగు రాత్రులు. యార్క్ నుంచి బేక్‌వెల్‌కు కారులో రెండు గంటల లోపే. పన్నెండున్నరకు బయలుదేరితే పిల్ల దారిలోనే నిద్రపోతుంది, లేచాక బేక్‌వెల్‌లో కాసేపు తిరిగేసరికి కాటేజీ తాళాలు ఇచ్చే వేళవుతుంది.